కిలకిల గుడి తిన్న మేకపిల్ల

పోయిన నెల మా బావగారు కాలం చేశారు. జహీరాబాద్ దవాఖానలో, మధ్యాహ్నం భోజనాల వేళ. అంతకు కాసేపటి ముందే నర్సమ్మతో గొడవ పెట్టుకున్నారు. ఆయన మంచానికి ఎదురుగా గోడ మీద పిల్లల టీకాల పోస్టరు ఒకటి ఉంది. అందులో పరుగెత్తే పాపకు రెండు కాళ్లూ ఒకే వైపువి వేశారని, అట్లా ఏ మనిషీ పరుగెత్తడని, దాన్ని వెంటనే తీసేయాలని ఆయన పట్టు.

"తాతా, జర పండుకోండి. రేపు తీస్త" అన్నది ఆ అమ్మాయి.

"రేపటిదాంక గది నా ముంగట ఉంటే నాకు నిద్రెట్ల వడ్తది?" అన్నారు. తర్వాత నిద్రపోయారు. ఇక లేవలేదు.

ఆయన మా ఆయనకు అన్న. ఊరందరికీ డ్రాయింగు సారు. కర్మ రోజుల్లో వచ్చినవాళ్లంతా "దేవుడసొంటి మనిషి" అన్నారు. నేను చాయ్ పోస్తూ ఆ మాట విన్నాను. దేవుడికి నైవేద్యం పెట్టి పక్కకు వచ్చేయొచ్చు. మా బావగారికి పళ్లెం పెడితే తినే దాకా అక్కడే నిలబడాలి. లేకపోతే కిటికీలోంచి మేకలను చూస్తూ కూర్చుంటారు, అన్నం మీద ఈగలు ముసురుతాయి. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరలె" అనేవారు. ఆయనకు తీరని పనులన్నీ వచ్చి నా మీద పడ్డాయి. ఆయన మీద వచ్చినంత కోపం నాకు ఇంకెవరి మీదా రాలేదు. మనిషి పోయాక కూడా అది పోలేదు. ఆ కోపంలోనే ఆయన నాకు బాగా గుర్తున్నారు కనుక దాన్ని పట్టుకునే నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను డెబ్బైలలో న్యాల్‌కల్ దగ్గరి మా పల్లె నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. పదో తరగతి పాసయ్యాను. ఆ సంగతి అత్తగారింట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా ఆయనకు అల్లం, ఆలుగడ్డల వ్యాపారం. అత్తమ్మ, మేమిద్దరం, ముందు గదిలో బావగారు. ఇంతే ఇల్లు. బావ ముందు కూర్చోకూడదు, పెద్దగా మాట్లాడకూడదు అని మా అమ్మ చెప్పి పంపింది. మొదటి ఏడాది అట్లాగే ఉన్నాను. చాయ్ గుమ్మం దగ్గర పెట్టి గాజులు గలగలలాడించి వచ్చేసేదాన్ని. ఆయన వినేవారు కాదు, చాయ్ చల్లారిపోయేది.

అప్పటికి హైదరాబాదులో టీవీ కేంద్రం వచ్చింది. అక్కడ పిల్లల కార్యక్రమం ఒకటి వారానికి ఒకసారి శనివారం సాయంత్రం వేసేవారు. పేరు 'కిలకిల'. దాని ముందర పేరు రాసిన అట్ట ఒకటి చూపించేవారట. డ్రాయింగు పరీక్షకు బావగారితో కలిసి చదివిన స్నేహితుడు అక్కడ తెరలకు రంగులు వేసేవాడు. ఆయన పిలిస్తే ఈయన పోయారు. ఆ కార్యక్రమం చూసుకునే మేడం, "అట్ట ఊరికే ఉంటే పిల్లలకు ఏం బాగుంటుంది, ఏదైనా కదలాలి" అన్నదట. ఆ ఒక్క మాటతో మా ఇంటికి శని పట్టింది.

మొదట చేసింది అట్ట మేకపిల్ల. తల విడిగా కత్తిరించి మెడ దగ్గర గుండుసూదితో బిగించారు. దారం లాగితే తలూపుతుంది. స్టూడియోలో బల్ల కింద పడుకొని ఆయనే దారం లాగేవారు. శనివారం ఒంటిపూట బడి కాగానే చొక్కా కూడా మార్చుకోకుండా బస్సెక్కేవారు. తెల్లారి వచ్చేవారు, వీపంతా దుమ్ముతో. ఆ చొక్కాలు ఉతికింది నేను.

"అంత దూరం పోయి దారం గుంజి వస్తున్నవారా?" అని అత్తమ్మ అడిగింది.

"పిల్లగాళ్లు నవ్వుతున్నరమ్మా" అన్నారు.

"నువ్వు కనవడ్తవా?"

"నేనేడ కనవడ్త? బల్ల కింద ఉంట గదా."

అత్తమ్మకు అది అర్థం కాలేదు. టీవీలో పని చేసేవాడు టీవీలో కనపడకపోవడం ఏమిటో ఆమెకు చివరిదాకా అర్థం కాలేదు. ఆమె తప్పేం లేదు. అప్పటికి జహీరాబాదులో టీవీ చూసినవాళ్లే లేరు. బజార్లో ఒక సేటు డాబా మీద పొడుగాటి గొట్టానికి ఏంటెనా కట్టి చూశాడు గానీ, పెట్టె నిండా ముగ్గుపిండి చల్లినట్టు కనిపించింది, అంతే. కొడుకు ఏదో చేస్తున్నాడు, ఊళ్లో ఎవరికీ అది కనపడదు. అడిగినవాళ్లకు ఏం చెప్పాలో ఆమెకు తెలిసేది కాదు.

తలూపే మేకతో ఆయనకు ఏడాదికే విసుగొచ్చింది. బొమ్మ మీద బొమ్మ వేసి, ఒక్కొక్కటే ఫోటో తీసి, వరుసగా తిప్పితే నిజంగా దునికినట్టు కనిపిస్తుందని తెలుసుకొని వచ్చారు. పక్క బొమ్మకు గీత కొంచెమే జరగాలి. అది తెలియాలంటే కింది కాయితం పైకి కనపడాలి. అందుకు అద్దం కావాలి, అద్దం కింద బల్బు కావాలి. ఒకరోజు నేను బావి దగ్గరి నుంచి వచ్చేసరికి గోడ మీద మా పెళ్లి ఫోటోకు అద్దం లేదు. రెండు ఇటుకల మీద దాన్ని పరిచి ఆయన గీస్తూ ఉన్నారు.

"బావా, అది మా పెళ్లి ఫోటోది" అన్నాను. ఆయనతో గొంతెత్తి మాట్లాడటం అదే మొదలు.

"ఫోటో అట్లనే ఉన్నది గదమ్మా. అద్దమే తీసిన" అన్నారు, తలెత్తకుండా.

తర్వాత మేక. కాయితం మీది మేక దునుకుతున్నది గానీ గాలిలో పేలపిండి లెక్క తేలుతున్నదని ఆయన బాధ. బరువు తెలియడం లేదట. కోహీర్ సంతకు పోయి నిజం మేకపిల్లనే పట్టుకొచ్చారు. నల్లది, ఒక చెవి కొస తెలుపు. దాన్ని అరుగు మీదికి ఎక్కించడం, దునికించడం, గీయడం. "దునికేది అందరికీ కనవడ్తది, దిగేదే సూడాలె" అనేవారు. "ముందరి కాళ్లు ఆనంగనే పని అయిపోదు. నడుము దిగాలె, ఆఖర్న చెవులు దిగాలె." నేను పిడకలు కొడుతుంటే కూడా ఆ మేక చెవులు ఎప్పుడు దిగాయో చూడమనేవారు.

మేకపిల్ల అట్లాగే ఉండదు కదా. ఆరు నెలలకు పెరిగి మేకైంది. బొమ్మలో ఉండాల్సింది పిల్ల. ఇంకోటి తెచ్చారు. మొదటిదాన్ని దసరాకు అమ్మేద్దామని అత్తమ్మ అంటే, "నా దగ్గర పనిజేసిన దాన్ని కోయిస్తనా?" అని మూడు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత మూడోది వచ్చింది. మేకలకు మేకలు పుట్టాయి. వాటికి ఆకు తెచ్చేది మా ఆయన, పెంట ఎత్తేది నేను. పక్కింటాయన ప్రతి వారం వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"సారూ, మీ టీవీ మేక నా జొన్నచొప్ప తిన్నది."

"ఎట్ల తిన్నది? కొస నుంచా, మొదలు నుంచా?" అని అడిగేవారు ఈయన. నిజంగానే తెలుసుకోవాలని. ఆ మనిషి నా వైపు చూసేవాడు. నేను లోపలికి పోయి ఆయన ఇంటికి పాలు పోసి పంపేదాన్ని.

అప్పుడే ఒక రోజు నన్ను ముందు గదికి పిలిచారు. చేతికి పలక ఇచ్చారు.

"'కిలకిల' అని రాయమ్మా."

"నేనా? ఎట్ల రాయాలె బావా?"

"మీ అమ్మకు జాబు రాస్తవు గదా, గట్ల. నేను రాస్తే దుకాణం బోర్డు లెక్క వస్తున్నది. పిల్లలకు గది పనికిరాదు. నీ రాత గుండ్రంగ ఉంటది, నేను చూసిన."

నా రాతను ఆ ఇంట్లో ఒకరు చూశారని నాకు అప్పటిదాకా తెలియదు. రాశాను. బాగాలేదన్నారు. మళ్లీ రాశాను. గుడి మరీ నెత్తికి అతుక్కున్నదన్నారు. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. వారం రోజులు ఎప్పుడు పడితే అప్పుడు పలక పట్టుకొని వంటింటి గుమ్మంలోకి వచ్చేవారు. ఆఖరికి విసుగుపుట్టి పిండి చేత్తోనే, చూడకుండా, గబగబా రాసి పారేశాను. అదే ఉంచుకున్నారు.

ఆ కొత్త బొమ్మల కట్ట కోసం ఎండాకాలం సెలవులన్నీ కూర్చున్నారు. మేకపిల్ల కుడివైపు నుంచి వచ్చి నా అక్షరాల మీదికి దునికి నిలబడాలి. కట్ట తయారైంది, రేపు తీసుకుపోతారనగా, మేకపిల్ల గదిలో దూరి సగం కాయితాలు తినేసింది. తలుపు వేయమని నేను పొద్దుటి నుంచి చెప్తూనే ఉన్నాను. నాకే ఏడుపొచ్చింది. మా ఆయన కర్ర తీసుకున్నాడు. బావగారు మాత్రం మేక ముందు గొంతుక్కూర్చుని మిగిలిన ముక్కను దాని నోటికి అందిస్తున్నారు.

"సూడుండ్రి. ముందు మూల తింటది. కొసకున్నది తెంపుతది, నడుమది ముట్టది" అన్నారు.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి మేకపిల్ల దునికి, దిగి, అటూ ఇటూ చూసి, కి మీది గుడిని కొస పట్టుకొని తెంపి నములుతుంది. తర్వాత రెండో గుడి. 'కిలకిల' కాస్తా 'కలకల' అవుతుంది. మేక ఒక్క తుమ్ము తుమ్ముతుంది, గుళ్లు రెండూ ఎగిరొచ్చి వాటి చోట వాలతాయి. మేడం చూసి పడిపడి నవ్విందట. వెంటనే వేయించింది. 'మేక గుడి తింటది' అని ఆయన సంబరంగా చెప్తుంటే అత్తమ్మ లేచి దేవుడికి దండం పెట్టుకుంది. ఏ గుడి అని ఆమె అనుకుందో మాకు తర్వాత అర్థమైంది. పలక మీద రాసి చూపించాను. ఆమెకు అక్షరాలు రావు. "ఏమో బిడ్డా, నాకు సూడాలని ఉన్నది" అన్నది.

ఇక్కడి నుంచే నాకు అసలు కోపం. అత్తమ్మకు అప్పటికే ఒక కన్ను పోయింది. రెండోదాని మీద పొర కమ్ముతున్నది. శుక్లం ముదిరితేగానీ ఆపరేషన్ చేయలేమని డాక్టరు అన్నాడు. ఆపరేషన్ అంటే ఆమెకు భయం. చూపున్నప్పుడే హైదరాబాదు తీసుకుపోయి ఒక్కసారి చూపించమని బావగారికి ఎన్నిసార్లు చెప్పానో. "ఇప్పుడే కాదమ్మా" అనేవారు. తుమ్ము ఇంకా కుదరలేదు. కాలు ఒకటి జారుతున్నది. రంగులొస్తున్నాయట, రంగులొచ్చినంక చూపిద్దాం. ప్రతి పండక్కీ ఒక కారణం. పట్నం పిల్లలందరికీ చూపించేది తల్లికి మాత్రం బాగా అయ్యాక చూపిస్తారట.

ఒక శుక్రవారం పొద్దున అత్తమ్మ చాయ్ గ్లాసు అనుకొని నీళ్ల చెంబు పట్టుకుంది. నేను మా ఆయనతో "మేకలను చూస్కోండి" అని చెప్పి, ఆమెకు మంచి చీర కట్టి, బస్సెక్కించాను. మెహిదీపట్నంలో మా అక్క ఇల్లు. వాళ్లకు తలుపులుండే టీవీ ఉంది.

శనివారం సాయంత్రం గల్లీ పిల్లలంతా చాపల మీద కూర్చున్నారు. అత్తమ్మను కుర్చీలో టీవీకి దగ్గరగా కూర్చోబెట్టాం. తెర నల్లబడింది. నా అక్షరాలు వచ్చాయి. పిండి చేత్తో రాసినవి, అవే. అప్పుడే అత్తమ్మ వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకేడి?"

"అటు చూడండి అత్తమ్మా, మేక, మేక."

"మేక సరే. వాడేడి?"

ఆమె మళ్లీ తెర వైపు తిరిగేసరికి మేక తుమ్మడం కూడా అయిపోయింది. ఎవరో పిల్ల పాట మొదలుపెట్టింది. పిల్లలు ఇంకా నవ్వుతున్నారు. "అయిపోయిందా?" అన్నది అత్తమ్మ. నాకు ఆమె మీద కోపం రావాలో, ఎప్పుడో చూపించాల్సింది ఇన్నాళ్లు ఆపిన మనిషి మీద రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. ఇంకో వారం అక్కడే ఉండిపోయాం.

మరుసటి శనివారం సాయంత్రానికి ముందే బావగారు మా అక్క ఇంటి గుమ్మంలో ఉన్నారు. మా ఆయన చెప్పేశాడు. చెప్పుల నిండా దుమ్ము, మొహం నల్లగా ఉంది. అక్క మంచినీళ్లు ఇస్తే తీసుకోలేదు.

"ఎవర్నడిగి తీసుకొచ్చినవమ్మా?"

"మిమ్మల్ని అడుగుతనే ఉన్న గదా బావా, ఎన్నేండ్ల సంది. ఆమె కండ్లు మీ కోసం ఆగుతయా?"

"అది ఇంకా మంచిగ రాలె."

"వచ్చినకాడికి చూస్తది. బాగలేకుంటే ఆమెనే చెప్తది."

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి తల్లి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. పిల్లలు జరిగారు. తెర నల్లబడుతుండగా ఆమె గడ్డం పట్టుకొని మొహాన్ని తెర వైపు తిప్పారు. "ఇగ సూడు. ఎటూ తిరగకు" అన్నారు. నేను టీవీని చూడలేదు, ఆ ఇద్దరినీ చూశాను. మేక దునికినప్పుడు ఆమె కనురెప్ప వేయలేదు. గుడి తినేటప్పుడు నోరు కొంచెం తెరిచింది. మేక తుమ్మగానే ఆమెకు నవ్వొచ్చింది, పళ్లు లేని నవ్వు. బావగారి చెయ్యి ఇంకా ఆమె గడ్డం కిందనే ఉంది.

"చిన్నప్పుడు నువ్వు బలపాలు తినేటోడివి. గట్లనే తింటున్నది" అన్నది.

"ఎట్లున్నదమ్మా?"

ఆమె ఆలోచించింది. "మంచిగున్నది. చెవులు జర పెద్దగైనయ్."

పిల్లలంతా పాట వింటుంటే ఆయన ఒక్కరే లేచి బయటికి పోయి నిలబడ్డారు. బాధ పడ్డారేమో అనుకొని వెళ్లాను. "నిజమే. పెద్దగైనయ్" అంటున్నారు, తనలో తాను. ఆదివారం బస్సులో దారి పొడవునా పేపరు అంచుల మీద చెవులు గీస్తూనే ఉన్నారు. ఇంటికి రాగానే జాకెట్ల కొలతల టేపు అడిగారు, మేక చెవులు కొలవడానికి. ఇచ్చాను. ఏం చేస్తాను?

ఆ కొత్త కట్టకు వానాకాలం పట్టింది, చలికాలం కూడా పట్టింది. ఈసారి రంగుల్లో. ఎర్రమట్టి రంగు నేల, నల్ల మేక, చెవి కొస తెలుపు. కట్ట పట్టుకొని పోయేసరికి అక్కడ మేడం బదిలీ అయింది. ఆమె చోట కొత్త అధికారి. ఆయన చూసి, బొమ్మ బాగుంది కానీ గుడి తినడం కుదరదన్నారట. చదువుకునే పిల్లలకు 'కిలకిల'ను 'కలకల' చేసి చూపిస్తే తప్పులు నేర్పినట్టవుతుంది, మేక దునికి ఊరికే నిలబడితే చాలు, రేపే వేసుకుంటాం అన్నారట.

"మరి?" అన్నాడు మా ఆయన.

"ఊకె నిలవడేది మేకెట్లయితది? కట్ట తీసుకొని వచ్చిన."

"అన్నా, కడమ అంతా ఉంటది గదా. తినే కాయితాలు నాలుగు తీసేస్తే ఏం పోయింది?"

"తినుడు తీసేస్తే ఇంకేమున్నది దాంట్ల?"

నేను అడ్డం పడ్డాను. కష్టమంతా నీళ్లలో పోస్తున్నారని, ఇంటిల్లిపాదీ చేశామని, ఆ అక్షరాలు నావి కూడానని అన్నాను. అప్పుడు తలెత్తి నన్ను చూశారు. "నీ గుడి తినకపోతే ఎవరు చూస్తరమ్మా దాన్ని? అది తినవట్టే గదా పిల్లలు కండ్లు పెట్టి చూసేది. అక్షరం పోతేనే అది ఉండేనని తెలుస్తది" అన్నారు. నాకు మళ్లీ కోపమే వచ్చింది. ఇంత మాట చెప్పే మనిషి ఆ అధికారికి చెప్పి ఒప్పించొచ్చు కదా? చెప్పలేదట. కట్ట చంకన పెట్టుకొని లేచి వచ్చేశారట.

పాత మేక ఇంకొన్నాళ్లు వచ్చి ఆగిపోయింది. దాని చోట బొంబాయిలో చేయించిన నక్షత్రం వచ్చింది.

ఆ ఎండాకాలం అత్తమ్మ కంటికి ఆపరేషన్ అయింది. సోడాబుడ్డి అద్దాలు పెట్టుకొని ఇల్లంతా కొత్తగా చూస్తూ తిరిగింది. నా మొహం చూసి "ఇంత బక్కగైనవేందే" అన్నది. రెండు రోజుల తర్వాత బావగారు రంగుల కట్టను ఒక పక్కన గట్టిగా దారంతో కుట్టారు. పొద్దుటి ఎండలో అరుగు మీద తల్లి ఎదురుగా కూర్చుని, బొటనవేలితో కాయితాలు జారవిడిచారు. మేక పరుగెత్తుకొచ్చింది, దునికింది, దిగింది. నడుము దిగింది, చెవులు దిగాయి. గుడి తిన్నది, తుమ్మింది.

"మల్ల" అన్నది అత్తమ్మ.

మళ్లీ విడిచారు. పూర్తి కాలేదని ఏ బొమ్మా ఇంట్లో ఎవరికీ చూపించని మనిషి, ఆ పొద్దు ఆమె అడిగినన్నిసార్లు చూపించారు. పక్కింటాయన కూడా వచ్చి నిలబడ్డాడు. టీవీ మేక అంటే ఇదా అన్నాడు. ఆఖరికి అత్తమ్మ అద్దాలు తీసి కొంగుతో తుడుచుకొని మళ్లీ పెట్టుకుంది.

"రంగులు మంచిగున్నయ్. గని ఇప్పుడు చెవులు చిన్నగైనయ్ రా" అన్నది.

నేను లోపలికి పోయి వంటింట్లో కూర్చున్నాను, నవ్వాలో తల బాదుకోవాలో తెలియక. కాసేపటికి గుమ్మంలో గొంతు వినపడింది. "అమ్మా, ఆ టేపు ఏడున్నది?"

ఆ చెవులు ఎప్పటికి కుదిరాయో నాకు తెలియదు. మరుసటి ఏడు అత్తమ్మ పోయింది. ఆ తర్వాత జహీరాబాదుకు టీవీ సరిగా అందడం మొదలైంది. బజార్లో సేటు దుకాణం ముందు జనం విరగబడి చూశారు. మేము కూడా ఒకటి కొన్నాం. శనివారం నక్షత్రం గిర్రున తిరుగుతూ వచ్చి, మెరిసి, అక్షరాలై నిలబడింది. ఊరివాళ్లు చూసి, "సారూ, మీ మేక ఏది?" అన్నారు. ఇన్నేళ్లు ఈయన ఊరికే కోతలు కోశాడనుకున్నవాళ్లూ ఉన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం నక్షత్రాన్ని ఏ మాత్రం పగ లేకుండా, మెడ ముందుకు పెట్టి చూశారు. "తిరుగుడు మంచిగనే ఉన్నది. బరువే లేదు" అన్నారు. కార్యక్రమం మొదలుకాగానే లేచి మేకల దగ్గరికి పోయారు.

అప్పటి నుంచి ఆయన టీవీ చూడటం అంతే. ముందటి బొమ్మ చూస్తారు, అసలుది మొదలైతే లేచిపోతారు. తర్వాతి కాలంలో ఛానళ్లు వచ్చాయి, పిల్లలకే ఒక ఛానల్, దానికి పూటకో కొత్త బొమ్మ. మనవలు వాటిని లోగోలు అంటారు. అది వచ్చేటప్పుడు ఇంట్లో ఎవరు మాట్లాడుతున్నా చేయెత్తి ఆపేవారు. మా అమ్మాయిని చూడటానికి వచ్చిన రోజున కాబోయే వియ్యంకుడు తమ ఊరి సంగతి చెప్తుంటే, నడుమ చేయెత్తి ఆపేశారు. పెద్దమనిషి నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. మా ఆయన తల వంచుకున్నాడు. ఆ సంబంధం ఎట్లా కుదిరిందో దేవుడికే తెలియాలి. వచ్చిన కోడళ్లు, అల్లుడు, పనికొచ్చే ఆమె కూడా ఆ పద్ధతి నేర్చుకున్నారు. పొద్దున సారు చేయి లేస్తే చీపురు ఆగేది.

ఆయన ఎవరికీ ఏదీ చక్కగా ఇచ్చి పోలేదు. మేకలను ఇచ్చి పోయారు. ఒక గదిలో నడవ సందు లేకుండా కాయితాలు. "నీకేమిచ్చారమ్మా?" అని మా అమ్మాయి నన్ను అడిగింది. ఏం చెప్పను? మరదలి రాతను పట్టించుకొని చూసినవాడు, వారం రోజులు పలక పట్టుకొని గుమ్మంలో నిలబడినవాడు ఇంకొకరు లేరని చెప్పాను. పప్పు మాడిందని కూడా చెప్పాను.

పెద్దకర్మ అయిన మర్నాడు మధ్యాహ్నం, భోజనాలై చుట్టాలంతా హాల్లో కూర్చున్నారు. ఎవరి బస్సు ఎప్పుడో మాట్లాడుకుంటున్నారు. మా వియ్యంకుడు కోహీర్ జామకాయల ధర గురించి ఏదో చెప్తున్నాడు. పిల్లలు ఊరుకోలేక టీవీ పెట్టారు, సన్నగా. ఏదో ఛానల్ బొమ్మ మొదలైంది. రంగు ముక్కలు నాలుగు వైపుల నుంచి ఎగిరివస్తున్నాయి. వియ్యంకుడు మాట నడుమ ఆగిపోయాడు. మా ఆయన చేతిలో వక్కాకు అట్లాగే ఉంది. వాకిట్లో అంట్లు తోమే చప్పుడు కూడా నిలిచింది. ఇంతమంది ఉన్న ఇంట్లో ఒక్క సవ్వడి లేదు. తెర వెలుగు ఒక్కొక్కరి మొహం మీద ఎరుపు, పసుపు, నీలం మారుతూ పోయింది. ముక్కలన్నీ వచ్చి ఒకదాని మీద ఒకటి వాలి అక్షరాలయ్యేదాకా ఎవరూ కదల్లేదు.